నేల ఉసిరి డైరీ: ఒక పేరు, నాలుగు మొక్కలు

జూలై 6, ఆదివారం

మా ఎం.ఫార్మసీ ప్రాజెక్టు ఈ రోజు మొదలైంది. ల్యాబ్‌లో కాదు, చండూరు దగ్గర మా ఊళ్లో, చెలక గెట్టు మీద. ఫార్మకాగ్నసీ, అంటే మొక్కల మందుల శాస్త్రం, చదివేవాళ్లు ముందు మొక్కను చేతిలోకి తీసుకోవాలని మా గైడ్ మేడమ్ మొదటి సెమిస్టర్ నుంచీ చెబుతున్నారు. మేం ముగ్గురం కలిసి ఎంచుకున్నది నేల ఉసిరి. కామెర్లు అనగానే నల్లగొండ జిల్లాలో ఎవరి నోటైనా ముందుగా వచ్చే పేరు అది.

దీన్నే ఎంచుకోవడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మూడేళ్ల కింద మా చిన్నాయనకు కళ్లు పచ్చబడ్డాయి. పసరు పోయించారు, పత్యం పెట్టారు. నూనె బంద్, పసుపు బంద్, చింతపండు బంద్. వారం పోయింది, రెండు వారాలు పోయాయి, నెల దాటింది. ఒళ్లంతా ఒకటే దురద. రాత్రిళ్లు గీరుకుని గీరుకుని చేతుల మీద పుండ్లు పడ్డాయి. చివరికి హైదరాబాద్ తీసుకుపోతే పిత్తనాళంలో రాయి అడ్డం పడిందన్నారు. అప్పటికే నాళంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. ఎండోస్కోపీతో రాయి తీసినా పది రోజులు ఐసీయూలో ఉండాల్సి వచ్చింది. బతికి ఇంటికి వచ్చాడు, అంతే చాలు మాకు.

అదే ఊళ్లో అదే పసరు తాగి కామెర్లు తక్కువైనవాళ్లు పాతిక మందైనా ఉన్నారు. వాళ్లు చెప్పేదీ అబద్ధం కాదు. హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే దిగిపోతాయి. ఆ వారాల్లో ఏం తాగినా పేరు దానికే వస్తుంది. పసరు పనిచేసిందా, ఒళ్లే బాగుచేసుకుందా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చలేం. కానీ ఆ పసరులో ఏముందో తేల్చవచ్చు. మా చేతనైనది అదే.

జూలై 13, ఆదివారం

పసరు పోసే అవ్వ దగ్గరికి వెళ్లాం. పక్క ఊరు. తెల్లారి ఆరుకల్లా రమ్మంది. ఎందుకంత పొద్దున్నే అని అడిగితే, "మాపటికి ఆకు పండుకుంటది బిడ్డా, అప్పుడు తెంపొద్దు" అంది. ఇది నిజం. సాయంత్రం కాగానే నేల ఉసిరి ఆకులు రెండు పక్కలా ముడుచుకుంటాయి. ముడుచుకున్న మొక్కను ఇతర కలుపు మధ్యలో గుర్తుపట్టడం కూడా కష్టం. పొద్దున పూట ఆకులు విచ్చుకుని, రెమ్మ కింద ఆవగింజంత కాయలు వరసగా వేలాడుతూ కనిపిస్తాయి.

అవ్వ వెనకే గెట్టు పొంటి నడిచాం. వంగి, మొక్క మొదట్లో పట్టుకుని మెల్లగా లాగుతోంది. మూడు పీకితే ఒకటి పక్కకు పడేస్తోంది. నేను ఒకటి పీకి ఇచ్చాను. చూడనైనా చూడలేదు, వేళ్లతో కాడ తడిమి పారేసింది. "ఎర్ర కాడది తేకు. అది ఎర్ర ఉసిరిక, వేరే." ఇంకొకటి ఇస్తే ఆకు చూసి, "ఇది నల్ల ఉసిరిక, రేగడి చెలకల మొలుస్తది. దీంతోని పసరు పోస్తే పట్టది" అంది.

ఇంటికి వచ్చాక వేర్లు కోసి, కడిగి, పిడికెడు ఆకూ కాడా కలిపి రోట్లో దంచి, తెల్లగుడ్డలో పిండి మజ్జిగలో కలిపింది. పరగడుపున తాగాలి. ఆమె పిడికెడు ఎంతో తెలియాలని మా చిన్న త్రాసు తీసుకుపోయాం. ఆమె ఒప్పుకుని మూడు సార్లు తూయనిచ్చింది: 46 గ్రాములు, 52, 39. సగటు 46 దగ్గర. ఇంత తేడాతో మందు ఇస్తే అని మేం మొహాలు చూసుకుంటుంటే, "బక్కోళ్లకు ఒక తీరు, లావోళ్లకు ఒక తీరు" అని అవ్వే చెప్పింది. ఆ మాట కూడా నోట్‌బుక్‌లో రాసుకున్నాం.

కడుపుతో ఉన్నవాళ్లకు ఆమె పసరు పోయదు. సీదా దవాఖానకు పంపిస్తుంది. గర్భిణులకు హెపటైటిస్ ఇ ప్రాణం మీదికి వస్తుందని మేం పుస్తకంలో చదివాం. ఆమెకు ఆ పేరు తెలియదు, ఆ ప్రమాదం మాత్రం తెలుసు.

జూలై 20, ఆదివారం

వారం రోజులుగా పద్నాలుగు చోట్ల నుంచి మొక్కలు తెచ్చాం. చండూరు, నాంపల్లి, మునుగోడు వైపు చెలకలు, పానగల్లు చెరువు కింద వరి గెట్లు, రెండు బత్తాయి తోటలు. ప్రతి కట్టకూ చోటు, తేదీ, నేల రంగు రాసిన చీటీ. ఒక్కో చోటు నుంచి రెండు మొక్కలు పాత పేపర్ల మధ్య నొక్కి పెట్టాం. పేపరు రోజూ మార్చాలి, లేకపోతే ఆకులు నల్లబడి రాలిపోతాయి.

ఈ రోజంతా లెన్స్ పట్టుకుని కూర్చోవడమే. పువ్వు రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. సూదితో తిప్పి, పది రెట్ల లెన్స్ కింద దాని రక్షక పత్రాలు లెక్కపెట్టాలి. ఐదు ఉంటే ఫిలాంథస్ అమారస్. ఆరు ఉంటే ఫిలాంథస్ ఫ్రాటర్నస్. పై నుంచి చూస్తే ఈ రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. కాడ ఎర్రగా ఉండి, కాయకు తొడిమ దాదాపు లేకుండా, పైన గరుకుగా ఉంటే ఫిలాంథస్ యూరినేరియా, అంటే అవ్వ చెప్పిన ఎర్ర ఉసిరిక. ఆకు మొదట్లో సన్నగా, కొనకు వెడల్పుగా ఉంటే మదరాస్పటెన్సిస్, ఆమె నల్ల ఉసిరిక.

పద్నాలుగు చోట్లలో తొమ్మిదింట అమారస్. వరి గెట్ల మీద రెండు చోట్ల యూరినేరియా. రేగడి చెలకల్లో రెండు చోట్ల మదరాస్పటెన్సిస్. మునుగోడు వైపు ఒక్క చోట ఆరు రక్షక పత్రాల ఫ్రాటర్నస్ దొరికింది. ఊళ్లో అడిగితే అన్నిటికీ ఒకటే పేరు, నేల ఉసిరి. అవ్వ రోజూ వాడే కట్టలో ఇరవై మొక్కలు తీసి చూస్తే ఇరవయ్యీ అమారస్.

ఈ గందరగోళం పల్లెల్లోనే ఉందనుకుంటే పొరపాటు. మన దేశంలో చాలా పుస్తకాలు దశాబ్దాల పాటు దీన్ని ఫిలాంథస్ నిరూరి అని రాశాయి. అసలు నిరూరి అమెరికా ఖండాల మొక్క. మన దగ్గర ఆ పేరుతో పిలిచింది అమారస్, ఫ్రాటర్నస్, డెబిలిస్ అనే మూడు మొక్కల కలగాపులగం అని 1985లో మిత్రా, జైన్ అనే వృక్ష శాస్త్రవేత్తలు తేల్చారు. ఆయుర్వేద మందుల అధికారిక గ్రంథమైన ఫార్మకోపియాలో తామలకి (నేల ఉసిరి సంస్కృత పేరు) అంటే ఫ్రాటర్నస్. కామెర్లు, కాలేయం మీద వచ్చిన పరిశోధనల్లో ఎక్కువగా వాడింది అమారస్. మేడమ్ ఒక మాట అన్నారు: "మొక్క పేరు తప్పితే మీ థీసిస్ అంతా వేరే మొక్క మీద రాసినట్టు." నొక్కి ఆరబెట్టిన మొక్కలను అతికించిన హెర్బేరియం షీట్లు హైదరాబాద్‌లో వృక్షశాస్త్ర ప్రొఫెసర్ గారికి చూపించి, సంతకం అయ్యేదాకా ఒక్క గ్రాము కూడా దంచొద్దని నిర్ణయించుకున్నాం.

జూలై 28, సోమవారం

ఈ రోజు ప్రపంచ హెపటైటిస్ దినం. హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లూంబర్గ్ పుట్టినరోజు ఇది. మా మొక్కకూ ఆయనకూ సంబంధం ఉంది. 1980ల్లో మద్రాసు శాస్త్రవేత్తలతో కలిసి నేల ఉసిరి మీద పనిచేసినవాళ్లలో ఆయన ఒకరు. 1988లో లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో వాళ్ల ఫలితం వచ్చింది. హెపటైటిస్ బి ఒంట్లో ఉన్నవాళ్లకు అమారస్ పొడి 30 రోజులు ఇచ్చారు. మందు ఆపిన 15 నుంచి 20 రోజులకు పరీక్షిస్తే 37 మందిలో 22 మందికి రక్తంలో ఆ వైరస్ గుర్తు కనిపించలేదు. ఉత్తుత్తి మందు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే అలా అయింది.

మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు గగుర్పొడిచింది. మన గెట్టు మీది కలుపు మొక్క గురించి లాన్సెట్‌లో! కానీ ఆ తర్వాత థాయిలాండ్‌లో, న్యూజిలాండ్‌లో చేసి చూస్తే ఆ ఫలితం మళ్లీ రాలేదు. 2011లో వైద్య ప్రయోగాలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 16 ప్రయోగాలను, అంటే 1,326 మంది రోగుల వివరాలను ఒకచోట పెట్టి చూసింది. ఉత్తుత్తి మందు కన్నా మేలు అనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చింది. వైరస్ మందులతో కలిపి ఇస్తే కొంత ఉపయోగం ఉండొచ్చన్నా, ఆ ప్రయోగాల నాణ్యత మీద సమీక్షకులకే నమ్మకం లేదు.

ఎందుకు మళ్లీ రాలేదన్నదానికి చాలా కారణాలు చెప్పవచ్చు. ఎక్కడ పెరిగిన మొక్క, ఏ నెలలో కోసింది, అందులో ఏ పదార్థం ఎంతుంది అన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. అంతకంటే నాకు ముఖ్యంగా అనిపించింది ఇంకొకటి. ఆ ప్రయోగాలు హెపటైటిస్ బి ఏళ్ల తరబడి ఒంట్లో ఉన్నవాళ్ల మీద జరిగాయి. వాళ్లలో చాలామందికి కళ్లు పచ్చగా ఉండవు, ఒంట్లో వైరస్ ఉందని కూడా తెలియదు. అవ్వ దగ్గరికి వచ్చేది కళ్లు పచ్చబడ్డవాళ్లు. అంటే 1988 ఫలితం నిలబడి ఉన్నా, పసరు గురించి అది మనకు ఏమీ చెప్పేది కాదు. దుకాణాల్లో అమ్మే డబ్బాల మీద మాత్రం ఈ రెండింటినీ కలిపేస్తారు.

హెపటైటిస్ బికి ఇప్పుడు టెనోఫోవిర్, ఎంటెకావిర్ లాంటి మందులు ఉన్నాయి. జాతీయ కార్యక్రమం కింద 2018 నుంచి పరీక్షా, మందులూ ఉచితం. మా ఊళ్లో ఈ సంగతి ఎంతమందికి తెలుసని అడిగితే ఆశా వర్కర్‌తో కలిపి ముగ్గురు చెప్పారు.

ఆగస్టు 10, ఆదివారం

సంతకాలు వచ్చాయి, నాలుగు మొక్కలకూ వోచర్ నంబర్లు (నమూనా గుర్తింపు సంఖ్యలు) పడ్డాయి. కోత మొదలుపెట్టాం. అంతలోనే నాలుగు రోజులు విడవని ముసురు. నీడలో ఆరబెట్టాలి కాబట్టి హాస్టల్ గదిలో పాత చీరల మీద పరిచి ఫ్యాన్ పెట్టాం. రెండో రోజు కరెంటు పోయింది. మూడో రోజు కట్ట విప్పితే వెచ్చగా ఉంది, మగ్గిన వాసన. నాలుగో రోజుకు కాడల కణుపుల దగ్గర తెల్లటి దారాలు. బూజు.

కిలోకు పైగా ఆకు. పైపైన దులిపేసి వాడుకుందామా అన్న ఆలోచన వచ్చింది, దాచుకోవడం ఎందుకు. కానీ కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి. అది నేరుగా కాలేయాన్నే దెబ్బతీస్తుంది. కాలేయం మందుగా వాడే ఆకులో కాలేయానికి విషం. మొత్తం పారేశాం. ఇళ్లలో వానాకాలం కోసి సంచుల్లో కట్టి దాచుకునే ఆకుల గురించి ఆలోచిస్తే నాకు నిజంగా భయం వేసింది. పచ్చి ఆకు అప్పటికప్పుడు దంచి ఇచ్చే అవ్వ పద్ధతిలో ఈ ప్రమాదం ఒక్కటీ లేదు.

ఆగస్టు 24, ఆదివారం

బత్తాయి తోటలో ఏపుగా పెరిగిన నేల ఉసిరి. మోకాలెత్తు, ముదురు ఆకుపచ్చ. రెండు కిలోలు కోశాక రైతు వచ్చాడు. ఎందుకమ్మా ఈ గడ్డి అని అడిగాడు. చెబితే ఆయన మొహం మారింది. "ఆ పక్క మళ్లలో పది రోజుల కింద గడ్డి మందు కొట్టిన. గాలికి ఇటు కూడా పడి ఉంటది. ఇది మందుకు పనికిరాదు బిడ్డా." ఆయన చెప్పకపోతే మాకు తెలిసేది కాదు. మొక్క చావలేదు కాబట్టి మందు పడలేదని అనుకునేవాళ్లం.

కట్ట అక్కడే వదిలేశాం. ఆ రోజు నుంచి చీటీ మీద ఇంకో గడి పెరిగింది: గడ్డి మందు ఎప్పుడు కొట్టారు, ఎవరు చెప్పారు. ఇప్పుడు మా దగ్గర గెట్లన్నిటి మీదా గడ్డి మందే. పదేళ్ల కింద కూలీలు కొడవలితో కోసేవాళ్లు. అవ్వ కూడా ఇప్పుడు గుడి వెనక బీడులోనే ఏరుతోంది, దగ్గరున్న చేన్లను వదిలేసి. ఎందుకో అప్పుడు అడగలేదు. ఇప్పుడు అర్థమైంది.

సెప్టెంబరు 7, ఆదివారం

ఎండిన ఆకు తూకానికి వచ్చింది. 2 కిలోల 400 గ్రాముల పచ్చి అమారస్ ఎండాక 590 గ్రాములైంది. ఆకునూ కాడనూ వేరు చేశాం. ఇది విసుగు పని. ఎండిన చిన్న ఆకులు ముట్టుకుంటేనే రాలిపోతాయి, కానీ సన్న రెమ్మలు వాటితోపాటే వస్తాయి. జల్లెడ, పట్టకారు, మూడు సాయంత్రాలు.

ద్రావకాన్ని మళ్లీ మళ్లీ ఆకు మీదుగా పంపి సారం తీసే సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో హెక్సేన్ ద్రావకం పోసి ఆకు పొడి పెట్టాం. సైఫన్ ఒక్కోసారి నిండి కిందికి దిగుతుంటే మొదట ముదురు ఆకుపచ్చ, తర్వాత లేత పసుపు, ఎనిమిది గంటలకు దాదాపు రంగు లేని నీళ్లలా వచ్చింది. మాకు కావలసింది ఫిలాంథిన్, హైపోఫిలాంథిన్ అనే రెండు లిగ్నాన్లు (మొక్కల్లో ఉండే ఒక రకం పదార్థాలు). ఇవి కొవ్వుల్లాంటి ద్రావకాల్లో కరుగుతాయి, నీళ్లలో కరిగేది బహు తక్కువ. ఈ మాట గుర్తుంచుకోవాలి, ముందు ముందు దీనితో పని ఉంది.

ఫిలాంథిన్ మీద మన దగ్గర కూడా పని జరిగిందని చదివినప్పుడు ల్యాబ్‌లో అందరికీ చెప్పాను. వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో టి.ఆర్. శేషాద్రి, జి.వి. కృష్ణమూర్తి ఈ మొక్కలోని చేదు పదార్థాన్ని వేరు చేసి 1946లో ప్రచురించారు. అప్పుడు వాళ్లు కూడా మొక్క పేరు ఫిలాంథస్ నిరూరి అనే రాశారు. స్వాతంత్ర్యానికి ముందు, ఇప్పుడున్న యంత్రాల్లో ఒక్కటి కూడా లేకుండా, స్ఫటికం చేసి చూపించారు.

సెప్టెంబరు 20, శనివారం

టి.ఎల్.సి. ప్లేట్లు, అంటే సారంలోని పదార్థాలను వేరు వేరు ఎత్తుల్లో చుక్కలుగా విడదీసి చూపే సిలికా పలకలు. మొదటి రెండూ పాడయ్యాయి. చుక్క పెద్దదై, పచ్చరంగు మరక కింద అంతా పాకింది. హెక్సేన్ తీతలో, అంటే హెక్సేన్‌తో తీసిన సారంలో, పత్రహరితం మరీ ఎక్కువ. కొంచెం బొగ్గు పొడి వేసి వడగట్టాక తేలికపడింది. కానీ బొగ్గు మనకు కావలసిన పదార్థాన్ని కూడా పట్టుకోవచ్చు. అందుకే శుద్ధ ఫిలాంథిన్‌ను కూడా అలాగే బొగ్గుతో వడగట్టి ఎంత పోతుందో చూశాం. నష్టం కొద్దిగా ఉంది, దాన్ని లెక్కలో పెట్టాం.

మూడో ప్లేటు మీద ఐదు చుక్కలు. ఎడమ నుంచి శుద్ధ ఫిలాంథిన్, తర్వాత అమారస్, ఫ్రాటర్నస్, యూరినేరియా, మదరాస్పటెన్సిస్. చుక్క పెట్టే గాజు గొట్టం వెంట్రుక సన్నం, చెయ్యి వణికితే అయిపోయింది. హెక్సేన్, ఇథైల్ అసిటేట్ మిశ్రమంలో నిలబెట్టి మూత పెట్టాం. ద్రావకం తెల్లటి సిలికా మీద తడి గీతలా పైకి పాకుతుంటే ముగ్గురం ఊపిరి బిగబట్టి చూశాం. తీసి, ఆరబెట్టి, రంగు తేలడానికి వనిలిన్, సల్ఫ్యూరిక్ ఆమ్లం కొట్టి వేడి పలక మీద పెట్టాం. అరనిమిషం ఏమీ లేదు. ఆ తర్వాత మొదటి వరసలో ఊదా రంగు చుక్క తేలింది. రెండో వరసలో సరిగ్గా అదే ఎత్తులో, అదే రంగు, చిక్కగా.

మిగతా మూడు వరసల్లో ఆ ఎత్తులో ఫ్రాటర్నస్‌కు, యూరినేరియాకు ఖాళీ. మదరాస్పటెన్సిస్‌కు ఏదో నీడలాంటిది, ఉందీ లేదూ అన్నట్టు. మళ్లీ చేశాం, మళ్లీ అంతే.

గెట్టు మీద కాడ తడిమి అవ్వ పారేసిన ఎర్ర ఉసిరికను గుర్తు చేసుకున్నాను. ఆమె వేళ్లు చేసిన తేడానే ఈ ప్లేటు కూడా చేసింది.

అక్టోబరు 5, ఆదివారం

సద్దుల బతుకమ్మకు ఇంటికి పోయి వచ్చాను. వస్తూ అవ్వ దగ్గర ఆమె చేత్తోనే పసరు చేయించి, ఐసు పెట్టెలో పెట్టి ఐదు సీసాలు తెచ్చాను. రెండింట్లో మజ్జిగ కలిపింది, మూడు ఉత్త రసం.

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. మేం చదివిన పేపర్లలో చాలావరకు ఆల్కహాల్, హెక్సేన్ తీతల మీదే. అవ్వ ఇచ్చేది నీళ్ల రసం. ఈ రెండూ ఒకటేనా? పసరును సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన రసం వేరు, అడుగున పేరుకున్న ఆకుపచ్చ పిప్పి వేరు చేశాం. తేరిన రసంలో ఫిలాంథిన్ చుక్క కనిపించీ కనిపించనట్టు. పిప్పిలో బాగా ఉంది. అంటే గుడ్డలోంచి దిగిన సన్నటి ఆకు తునకలతో అది కడుపులోకి పోతోంది, కరిగి కాదు. సన్న గుడ్డతో వడగడితే తగ్గుతుంది, పలచ గుడ్డతో పెరుగుతుంది.

మరి తేరిన రసంలో ఏముంది? ద్రావకం మార్చి, ఫెర్రిక్ క్లోరైడ్ కొడితే వరసంతా నీలి నలుపు మచ్చలు. టానిన్లు. ఈ మొక్కలో కొరిలాజిన్, జెరానిన్ ఉంటాయని తెలుసు, ఇవి నీళ్లలో బాగా కరుగుతాయి. మజ్జిగ కలిపిన సీసాల్లో ఈ మచ్చలు బాగా పలచబడ్డాయి. టానిన్లు పాల ప్రోటీన్లకు అంటుకుని ముద్ద కడతాయి, టీలో పాలు పోస్తే వగరు తగ్గినట్టు. మజ్జిగ ఎందుకని అవ్వను అడిగితే "వగరు విరుగుతది, కడుపుల మంట ఉండది" అని చెప్పింది. ఆమె చెప్పింది రుచి గురించి, ప్లేటు చూపించింది దాని కారణాన్ని.

కాబట్టి నేల ఉసిరి మీద పరిశోధన జరిగింది అని ఎవరైనా అంటే ఇప్పుడు నేను వెంటనే అడిగేది: దేనిలో తీసిన సారం మీద? మజ్జిగతోనా, ఆల్కహాల్‌తోనా? ఆ మాట లేకుండా పసరుకు ఆ ఫలితాన్ని అంటగట్టడం సరికాదు.

అక్టోబరు 18, శనివారం

రేపటి నుంచి దీపావళి సెలవులు. సీనియర్లు ఇద్దరు డాకింగ్ చేయమని సలహా ఇచ్చారు. కంప్యూటర్‌లో ఫిలాంథిన్ అణువును ఏదో ప్రోటీన్‌లోకి అమర్చి, ఎంత గట్టిగా అతుక్కుంటుందో స్కోర్ తీసి, పేపర్ వేసేయొచ్చని. మొక్కల మందుల మీద ఇప్పుడు ఇలాంటివి కుప్పలుగా వస్తున్నాయి. డాకింగ్ మంచి పనిముట్టే, ఎక్కడ వెతకాలో చూపిస్తుంది. కానీ ఆ అణువు పేగుల్లోంచి రక్తంలోకి వెళ్తుందా, కాలేయం దాన్ని ఎంతసేపట్లో ముక్కలు చేస్తుంది అన్నది స్కోర్ చెప్పదు. మేం చేయబోవడం లేదు.

దానికన్నా నన్ను పట్టి ఆపింది ఇంకో పరిశోధన. అమారస్ సారం, అందులోని లిగ్నాన్లు మన కాలేయంలోని సి.వై.పి. 3ఎ4 అనే ఎంజైమును అడ్డుకుంటాయని ల్యాబ్‌లో తేలింది. మనం మింగే ఎన్నో మాత్రలను విరగ్గొట్టేది ఈ ఎంజైమే. కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు, అవయవ మార్పిడి అయినవాళ్లు వేసుకునే మందులు. ఎంజైము ఆగితే ఆ మందు రక్తంలో పెరిగిపోతుంది. మనుషుల్లో పసరు మోతాదుకు అంత ప్రభావం ఉంటుందని ఇది నిరూపించదు. అయినా రోజూ మాత్రలు వేసుకునేవాళ్లు ఆకు మందే కదా అని డాక్టరుకు చెప్పకుండా కలిపి తీసుకోకూడదు. మా నాయనకు ఫోన్ చేసి ఇదే చెప్పాను, ఆయన బీపీ మాత్ర వేసుకుంటాడు.

అక్టోబరు 26, ఆదివారం

నల్లగొండ పట్టణంలో మూడు, ఆన్‌లైన్‌లో రెండు పొడి ప్యాకెట్లు కొన్నాం. నాలుగింటి మీద ఫిలాంథస్ నిరూరి అనే ఉంది. సూక్ష్మదర్శిని కింద ఒకదాంట్లో పిండి రేణువులు గుంపులు గుంపులుగా, ఆకు తునకలు తక్కువ. టి.ఎల్.సి.లో మూడింటికి ఫిలాంథిన్ చుక్క ఉంది, ఒకదానికి చాలా పలచగా. రెండింటికి లేనే లేదు. ఆ రెండు యూరినేరియా కావచ్చు, ఫ్రాటర్నస్ కావచ్చు, పాతబడి పాడైన అమారస్ కూడా కావచ్చు. డి.ఎన్.ఎ. బార్‌కోడింగ్ (డి.ఎన్.ఎ.ను బట్టి మొక్కను గుర్తించే పరీక్ష) చేస్తే తేలుతుంది, దానికి మా దగ్గర డబ్బు లేదు. అందుకే మా రిపోర్టులో "చుక్క కనిపించలేదు" అని మాత్రమే రాస్తాం.

ఒక ప్యాకెట్ వెనక "హెపటైటిస్ బి పూర్తిగా నయం" అని ఉంది. ఆ అక్షరాలు చదువుతుంటే నాకు కోపం ఆగలేదు. ఇది నమ్మి టెనోఫోవిర్ మానేసిన మనిషికి వైరస్ మళ్లీ విజృంభిస్తే కాలేయమే పోవచ్చు.

నవంబరు 8, శనివారం

హైదరాబాద్‌లో హెచ్.పి.టి.ఎల్.సి. (చుక్కలోని పదార్థం ఎంతో యంత్రంతో కొలిచే టి.ఎల్.సి.) స్లాట్ దొరికింది, అంకెలు వచ్చాయి. అవ్వ ఏరిన అమారస్‌లో ఫిలాంథిన్ ఎండుటాకు బరువులో 0.46 శాతం, కాడలో 0.09 శాతం. ఆకు ఎక్కువ పడిన పిడికెడుకూ, కాడ ఎక్కువ పడిన పిడికెడుకూ ఎంత తేడా ఉంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆమె పిడికిళ్లు మూడింట్లో ఆకు పాలు ఎంతో లెక్కకట్టే పని మిగిలింది.

సాయంత్రం ఈ అంకెలు పట్టుకుని అవ్వ దగ్గరికి వెళ్లాను. ప్లేటు ఫోటో చూపించాను. ఊదా చుక్కను వేలితో ముట్టుకుని, "ఇదేనా నా ఆకు?" అంది. అవునన్నాను. ఎర్ర ఉసిరిక వరస ఖాళీగా ఉండడం చూసి తల ఊపింది.

అప్పుడు చిన్నాయన సంగతి ఎత్తాను. ఆయన ఈమె దగ్గరే తాగాడు. దురద ఉన్నవాళ్లకు పసరు పనిచేస్తుందా అని అడిగాను. అవ్వ కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది: "దురద పుట్టి, దొడ్డికి సున్నం లెక్క తెల్లగ పోయేటోళ్లకు నా పసరు ఎన్నడూ పట్టలే బిడ్డా. మా అమ్మ కాలం నుంచి అంతే. వాళ్లకు మూడొద్దులు పోసి చాలిస్త. మీ చిన్నాయన దురద ఉన్నదని నాకు చెప్పలే. నేనూ అడగలే."

పిత్తం దారి మూసుకుపోతే మలం తెల్లబడుతుంది, దురద పుడుతుంది. వైద్య పుస్తకంలో రాసి ఉండే లక్షణాలు అవే. అవి ఆమెకు నలభై ఏళ్లుగా తెలుసు. ఇక నుంచి మొదటి రోజే ఈ రెండూ అడుగుతానంది. అవునంటే పసరు పోయకుండా పీహెచ్‌సీకి పంపుతానంది. మిగతావాళ్లను కూడా రక్త పరీక్ష చేయించుకుని రమ్మను అవ్వా అని అడిగాను. "చెప్పి చూస్త, వింటరో లేదో" అంది. ఆమె మనవడు తొమ్మిదో తరగతి. వాడి పాత నోట్‌బుక్‌లో గీతలు కొట్టి గడులు చేసి ఇచ్చాను: తేదీ, వయసు, దురద, మలం రంగు, కడుపుతో ఉందా, వేసుకునే మాత్రలు, దవాఖానకు పంపామా. వాడు రాస్తాడు.

సోమవారం మళ్లీ మునుగోడు వైపు పోవాలి. ఫ్రాటర్నస్ ఒక్క చోటే దొరికింది, ఒక్క చోటి మొక్కతో ఖాళీ వరస అని రాయలేం. కాయలు రాలకముందే ఇంకో రెండు చోట్ల వెతకాలి.